బ్యాటరీ మీద ఇల్జామ్ వేసే ముందు



కరెంటు పోయిన క్షణంలో, యూపీఎస్ ఉండి కూడా కంప్యూటర్ టప్పున ఆగిపోతే మన ఇళ్లలో, దుకాణాల్లో వినిపించే మాట ఒక్కటే. "బ్యాటరీ గయీ భాయ్, నయీ డాల్నా." మెకానిక్ కూడా అదే అంటాడు. చాలాసార్లు యూపీఎస్ మూత తీయకుండానే, గుమ్మంలో నిలబడే అంటాడు. మనం వెయ్యి రూపాయలకు అటూ ఇటూ ఇచ్చి బ్యాటరీ మార్పిస్తాం. కొన్నాళ్లకు మళ్లీ అదే తకలీఫ్. అప్పుడు "యూపీఎస్సే బేకార్" అని కొత్తది కొంటాం. దాంతో కూడా ఆగిపోతే "కంప్యూటరే పాతదైపోయింది" అంటారు. ఒక చిన్న మసలాకు మూడుసార్లు జేబు ఖాళీ.

నా రాయ్ ఏమిటంటే, ఈ విషయంలో మనం తఫ్తీష్ లేకుండా ఫైసలా ఇచ్చేస్తున్నాం. బ్యాటరీ చాలాసార్లు నిజంగానే ముజ్రిమ్, కాదనను. కానీ ప్రతిసారీ కాదు. నబ్జ్ పట్టుకుని చూడకుండా దవా రాసిచ్చే హకీమ్ దగ్గరకు మనం రెండోసారి వెళ్లం. మరి కంప్యూటర్ విషయంలో అలాంటి ఇలాజ్‌కు పదేపదే పైసలు ఎందుకిస్తున్నాం?

ఇది అమీర్ల ఫికర్ కాదు, మనలాంటి వాళ్లది. అమీర్ ఇంట్లో కంప్యూటర్ ఆగితే లాప్‌టాప్ తీస్తారు. మన గల్లీల్లో ఒకే కంప్యూటర్ మీద ఇంటిల్లిపాది ఆధారపడి ఉంటారు. షాదీ కార్డులు, రుఖాలు కొట్టే డీటీపీ దుకాణాల్లో ఇన్‌పేజ్‌లో గంటసేపు కూర్చి పేర్చిన ఉర్దూ మేటరు, సేవ్ చేయకముందే కరెంటు పోతే గాలికి పోతుంది. గ్రాహక్ మాత్రం సాయంత్రానికి కార్డులు కావాలంటాడు. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ ఇమ్తిహాన్ రాసే బచ్చీకి మధ్యలో తెర నల్లబడితే ఆమె మెహనత్‌కు ఎవరు జవాబు చెప్తారు? దీన్ని మామూలు మరమ్మత్తు కింద కొట్టిపారేయొద్దు, ఇందులో రోజీ ఉంది, తాలీమ్ ఉంది.

అసలు ఆ క్షణంలో ఏం జరుగుతుందో ముందు చూద్దాం. మన ఇళ్లలో ఉండే మామూలు యూపీఎస్, కరెంటు ఉన్నంతసేపూ గోడ నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటునే కంప్యూటర్‌కు పంపిస్తుంది, పక్కన బ్యాటరీని చార్జ్ చేసుకుంటుంది. కరెంటు పోగానే లోపల రిలే 'టిక్' మంటుంది. అప్పటి నుంచి బ్యాటరీలోని 12 వోల్టుల డీసీని 230 వోల్టుల ఏసీగా మార్చి ఇస్తుంది. ఈ మార్పుకు పట్టే వఖ్త్ సుమారు నాలుగు నుంచి పది మిల్లీసెకన్లు. సెకనుకు వెయ్యి మిల్లీసెకన్లు అనుకుంటే, రెప్పపాటు కన్నా చాలా తక్కువ.

ఆ కొద్దిపాటి ఖాళీలో కంప్యూటర్‌ను నిలబెట్టేది దాని లోపలి ఎస్ఎంపీఎస్. దానిలో పెద్ద కెపాసిటర్ ఉంటుంది. చిన్న కుండలో నీళ్లలాగా కాస్త కరెంటు దాచి ఉంచుతుంది. మంచి ఎస్ఎంపీఎస్ పూర్తి లోడు మీద కూడా పదహారు మిల్లీసెకన్ల దాకా లాగుతుంది. అంటే ఈ కథలో పాత్రలు ముగ్గురు: టైముకు అందుకోవాల్సిన యూపీఎస్, బరువు మోయాల్సిన బ్యాటరీ, ఆ క్షణం ఓర్చుకోవాల్సిన ఎస్ఎంపీఎస్. ముగ్గురిలో ఎవరు తప్పుకున్నా తెర నల్లబడుతుంది. ఇల్జామ్ మాత్రం ఎప్పుడూ ఒక్కడి మీదే.

తఫ్తీష్‌లో మొదటి సవాల్: కంప్యూటర్ ఎలా ఆగింది? ఇది చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే.

కరెంటు పోయిన ఆ క్షణంలోనే కంప్యూటర్ ఆగి, యూపీఎస్ మాత్రం బీప్ బీప్ మంటూ బతికే ఉంటే, కసూర్ బ్యాటరీది కాకపోవచ్చు. మార్పు ఆలస్యమైంది, లేదా ఎస్ఎంపీఎస్ ఓర్చుకోలేకపోయింది. కంప్యూటర్‌తో పాటు యూపీఎస్ కూడా వెంటనే చచ్చిపోతే బ్యాటరీ బలహీనం, లేదంటే లోడు ఎక్కువ. ఒకటి రెండు నిమిషాలు నడిచి ఆగితే ఎక్కువగా బ్యాటరీ ముసలిదైందని గుర్తు. ఇక తెర మీద 'షటింగ్ డౌన్' అని వచ్చి మర్యాదగా ఆగితే అది కరెంటు మసలానే కాదు. యూపీఎస్‌కు యూఎస్‌బీ వైరు కలిపి ఉంటే విండోస్ దాన్ని లాప్‌టాప్ బ్యాటరీ లాగా చూస్తుంది. చార్జింగ్ తక్కువైందని యూపీఎస్ చెప్పగానే, సెట్టింగ్ ప్రకారం తానే ఆపేస్తుంది. పవర్ ఆప్షన్లలో ఒక సెట్టింగ్ సరిచేస్తే పోయేదానికి బ్యాటరీ కొనడం ఏం న్యాయం?

ఇంకో చిన్న విషయం. ఆగింది కంప్యూటరా, తెర మాత్రమేనా? మానిటర్ ప్లగ్గు గోడకు పెట్టి, డబ్బా ప్లగ్గు మాత్రం యూపీఎస్‌కు పెట్టిన ఇళ్లు నేను చూశాను. కొన్ని యూపీఎస్‌ల వెనక సాకెట్లన్నీ ఒకటి కావు. కొన్నిటికి బ్యాటరీ కరెంటు వస్తుంది, కొన్ని పిడుగుల వంటి ఒత్తిడి నుంచి రక్షణకు మాత్రమే ఉంటాయి. పైన రాసి ఉన్నది చదివితే తెలిసిపోతుంది.

ఇప్పుడు లోడు సంగతి. యూపీఎస్ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో '600 వీఏ' అని ఉంటుంది. మనం దాన్ని 600 వాట్లు అనుకుంటాం. మన బజార్లో దొరికే చాలా 600 వీఏ యూపీఎస్‌ల అసలు తాఖత్ 360 వాట్లే. ఆ సంఖ్య వెనక స్టిక్కర్ మీద చిన్నగా ఉంటుంది. మామూలు ఆఫీసు కంప్యూటర్, ఎల్ఈడీ మానిటర్ కలిపి వంద, నూటయాభై వాట్లు లాగుతాయి కాబట్టి ఇబ్బంది లేదు. బచ్చే గేమ్‌ల కోసం పెద్ద గ్రాఫిక్స్ కార్డు వేయించారా, అదొక్కటే రెండు మూడు వందల వాట్లు లాగొచ్చు. కరెంటు ఉన్నప్పుడు ఈ బరువు గోడ మోస్తుంది, ఎవరికీ మాలూమ్ కాదు. కరెంటు పోగానే మొత్తం బరువు ఆ చిన్న బ్యాటరీ మీద పడుతుంది.

మా ఖాలా కొడుకు డీటీపీ దుకాణం పెట్టుకున్నాడు. ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్పించాడు. "భాయ్‌జాన్, ఒక్కోసారి ఆగుతుంది, ఒక్కోసారి ఆగదు. జిన్ను పట్టిందేమో" అన్నాడు నవ్వుతూ. చూస్తే లేజర్ ప్రింటర్ కూడా అదే యూపీఎస్‌కు పెట్టి ఉంది. లేజర్ ప్రింటర్‌లో సిరాపొడిని కాగితానికి అంటించడానికి ఒక హీటర్ ఉంటుంది. అది వేడెక్కే కొన్ని క్షణాలు మాత్రం వందల వాట్లు, ఒక్కోసారి వెయ్యి దాకా లాగుతుంది. కరెంటు పోయినప్పుడు హీటర్ విశ్రాంతిలో ఉంటే యూపీఎస్ నిలబడుతుంది, హీటర్ రాజుకుని ఉంటే పడిపోతుంది. ప్రింటర్ ప్లగ్గు తీసి గోడకు పెట్టించాను. జిన్ను వెళ్లిపోయింది. ఖర్చు సున్నా. అంతకుముందు మార్చిన రెండు బ్యాటరీల డబ్బు మాత్రం తిరిగిరాదు.

ఇంటి ఇన్వర్టర్ మీద కంప్యూటర్ నడిపేవాళ్లకు వేరే సబబ్ ఉంది. చాలా ఇన్వర్టర్లకు వెనక ఒక చిన్న స్విచ్ ఉంటుంది. ఒకవైపు 'యూపీఎస్', ఇంకోవైపు 'నార్మల్' లేదా 'ఎకో'. నార్మల్‌లో ఉంటే కరెంటు మారడానికి ముప్పై, నలభై మిల్లీసెకన్లు కూడా పట్టొచ్చు. ఫ్యాను, లైటు ఒక్కసారి కళ్లార్పి నడుస్తాయి, కంప్యూటర్ మాత్రం ఓర్చుకోదు. యూపీఎస్ వైపు పెడితే మార్పు త్వరగా జరుగుతుంది. మా బంధువుల ఇళ్లలో మూడుచోట్ల ఆ స్విచ్ నార్మల్‌లోనే ఉంది. బిగించిన ఎలక్ట్రీషియన్ చెప్పలేదు, వీళ్లు అడగలేదు. ఒక ఇంట్లో మా మేనకోడలు ఇమ్తిహాన్ ముందు రోజు ఆ స్విచ్ అటు తిప్పి, మెయిన్ ఆపి చూస్తే కంప్యూటర్ కదల్లేదు. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. వోల్టేజీ బాగా తక్కువగా ఉండే ఇళ్లలో యూపీఎస్ మోడ్ పెడితే ఇన్వర్టర్ మాటిమాటికీ బ్యాటరీ మీదకు వెళ్తుంది. అలాంటి చోట ముందు వోల్టేజీ సంగతి చూసుకోవాలి.

ఇన్వర్టర్ ఉన్నా "ఇంకా హిఫాజత్" అని దాని వెనక మళ్లీ యూపీఎస్ పెడతారు కొందరు. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఫర్వాలేదు. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే, ఆ గరుకు కరెంటును యూపీఎస్ అసలు కరెంటుగా ఒప్పుకోకపోవచ్చు. ఇంట్లో లైట్లన్నీ వెలుగుతూనే ఉంటాయి, యూపీఎస్ మాత్రం తన బ్యాటరీ తాగేస్తూ బీప్ మంటూ కాసేపటికి ఆరిపోతుంది. ఇది చూసి కూడా "బ్యాటరీ గయీ" అనేవాళ్లున్నారు.

వేవ్ సంగతి కొత్త కంప్యూటర్లకు కూడా తగులుతుంది. చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఇచ్చే కరెంటు నునుపైన అలలా ఉండదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. పాత ఎస్ఎంపీఎస్‌లకు దాంతో ఫికర్ లేదు. '80 ప్లస్' ముద్ర ఉన్న కొత్త ఎస్ఎంపీఎస్‌లలో సాధారణంగా యాక్టివ్ పీఎఫ్‌సీ అనే సర్క్యూట్ ఉంటుంది. వాటిలో కొన్ని ఈ మెట్ల కరెంటుతో పొసగవు. మారే క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు గుంజితే, చిన్న యూపీఎస్ 'ఓవర్‌లోడ్' అనుకుని చేతులెత్తేస్తుంది. మంచి కంప్యూటర్, కొత్త బ్యాటరీ, అయినా ఆగిపోవడం ఇలాగే. అక్కడ ఇలాజ్ ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్, లేదంటే ఇంకాస్త పెద్ద తాఖత్ ఉన్నది. ఎన్ని బ్యాటరీలు మార్చినా ఫాయిదా లేదు. అలాగే ఏళ్లు గడిచిన ఎస్ఎంపీఎస్‌లో కెపాసిటర్ ఎండిపోయి, పదహారు మిల్లీసెకన్లు ఓర్చాల్సింది నాలుగైదుకే పడిపోతుంది.

సరే, బ్యాటరీ బేకసూర్ అని తేలేదెలా? ఇంట్లోనే చేసుకునే ఆజ్మాయిష్ చెప్తాను.

ముందు యూపీఎస్‌ను ఆరేడు గంటలు పూర్తిగా చార్జ్ కానివ్వండి. కంప్యూటర్ ప్లగ్గు తీసేసి, ఆ చోట వంద వాట్ల పాత ఫిలమెంట్ బల్బు ఒకటి హోల్డరుతో పెట్టండి. ఎల్ఈడీ బల్బు పనికిరాదు, అది తొమ్మిది వాట్లే, బ్యాటరీకి లెక్కేకాదు. ఇస్త్రీపెట్టె, మిక్సీ అసలే వద్దు. ఇప్పుడు గోడ స్విచ్ ఆపండి. బల్బు వెలుగుతూనే పది నిమిషాలు దాటితే బ్యాటరీ బతికే ఉంది. నిమిషంలో మసకబారి ఆరిపోతే బ్యాటరీయో, దాన్ని చార్జ్ చేసే సర్క్యూటో పోయింది. యూపీఎస్ తాఖత్ 360 వాట్లు ఉంటే రెండు బల్బులతో కూడా ఒకసారి చూడండి. తక్కువ బరువు మోసి, ఎక్కువ బరువుకు కూలబడే బ్యాటరీలు ఉంటాయి.

బల్బు నిలబడిందంటే తర్వాత కంప్యూటర్ పెట్టండి. ఏ ఫైలూ తెరవకుండా, విండోస్‌లోకి కూడా పోకుండా, బయోస్ తెర మీద ఉంచి స్విచ్ ఆపండి. ఆగినా నుక్సాన్ ఉండదు. బల్బుకు నిలబడిన యూపీఎస్ కంప్యూటర్‌కు నిలబడకపోతే, వీలైతే దోస్తు కంప్యూటర్ ఒకటి తెచ్చి అదే యూపీఎస్ మీద పెట్టి చూడండి. అది నిలబడి మీది ఆగితే ఎస్ఎంపీఎస్ మీద షక్ పెట్టుకోండి. రెండూ ఆగితే యూపీఎస్ మీద. పదిహేను ఇరవై నిమిషాల పని. యూపీఎస్ మూత మాత్రం మీరు తీయకండి. ప్లగ్గు పీకినా లోపల ప్రాణం తీసే కరెంటు ఉండొచ్చు.

ఇప్పుడు అసలు మాట. మెకానిక్ ఈ ఆజ్మాయిష్ ఎందుకు చేయడు? రాక కాదు, మనం చేయనివ్వం. అరగంట కూర్చుని, మల్టీమీటర్ పెట్టి చూసి, "మీ బ్యాటరీ బాగుంది, ప్రింటర్ ప్లగ్గు మార్చుకోండి" అని చెప్పిన భాయ్‌కి మనం ఏమిస్తాం? చాయ్ ఇస్తాం. "అంతేనా, ఏం చేశావని?" అంటాం. అదే కొత్త బ్యాటరీ తెచ్చి బిగిస్తే మారు మాట్లాడకుండా పైసలు లెక్కపెడతాం. డబ్బాకు ధర ఇస్తాం, దిమాగుకు ఇవ్వం. అతనికీ ఇల్లుంది, బచ్చే ఉన్నారు. మనం దేనికి పైసలిస్తామో అతను అదే అమ్ముతాడు. ఈ కసూర్‌లో మన హిస్సా చిన్నది కాదు.

అందుకే నేను అడిగేది: చూసినందుకు ఫీజు ఇవ్వడం మొదలుపెట్టండి. రెండు మూడు వందలు ముందే చెప్పి, "భాయ్, బ్యాటరీ అమ్మొద్దు, ముందు రోగం చెప్పు" అనండి. ఫీజు తీసుకున్నవాడికి జవాబు చెప్పే జిమ్మేదారీ ఉంటుంది. అడగాల్సిన సవాళ్లు నాలుగే. లోడు పెట్టినప్పుడు బ్యాటరీ వోల్టేజీ ఎంతకు దిగింది? ఖాళీగా ఉన్నప్పుడు 12.6 చూపించి, బరువు పడగానే పదికి దిగువకు జారే బ్యాటరీలు కోకొల్లలు. కాబట్టి ఖాళీ రీడింగ్ గవాహీ కాదు. రెండోది, కరెంటు ఉన్నప్పుడు చార్జింగ్ పదమూడున్నర వోల్టుల పైన వస్తోందా? అది సరిగా రాకపోతే కొత్త బ్యాటరీ కూడా కొన్ని నెలల్లో పాతదవుతుంది. మూడోది, నా మొత్తం లోడు ఎన్ని వాట్లు? నాలుగోది, కొత్త బ్యాటరీ అయితే దాని తయారీ తేదీ ఏది? సీల్డ్ బ్యాటరీ అటక మీద చార్జింగ్ లేకుండా నెలల తరబడి పడుంటే లోపల గడ్డకట్టి తాఖత్ పోగొట్టుకుంటుంది. కొనే రోజుకే సగం ముసలిదవుతుంది.

దుకాణందారులకు కూడా ఒక మాట. యూపీఎస్ అమ్మేటప్పుడు వీఏ కాదు, వాట్లు చెప్పండి. "ఇది 360 వాట్లే మోస్తుంది, మీ కంప్యూటర్ ఇంత లాగుతుంది, ఇన్ని నిమిషాలు వస్తుంది" అనే మూడు ముక్కలు రసీదు వెనక రాసివ్వండి. తూకం సరిగా వేయడమంటే బియ్యం, పప్పుల దగ్గరేనా? తెలియనివాడికి పెద్ద సంఖ్య చూపించి చిన్న సరుకు చేతిలో పెట్టడం కూడా తూకంలో కోత పెట్టడమే.

"ఇంత హంగామా ఎందుకు, వెయ్యి రూపాయల బ్యాటరీయే కదా" అనేవాళ్లు ఉంటారు. వాళ్ల మాటలో కొంత హఖ్ ఉంది. మన ఎండలకు సీల్డ్ బ్యాటరీ రెండు మూడేళ్లకు మించి బతకడం కష్టమే. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీల వేడికీ దాని ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఒక అందాజా లెక్క. మూడేళ్లు దాటిన బ్యాటరీ బల్బు ఆజ్మాయిష్‌లో ఓడిపోతే మార్చేయండి, బహస్ అక్కర్లేదు. కానీ నిరుడు మార్చినదాన్ని ఈ ఏడు మళ్లీ మార్చమంటే మాత్రం ఆగండి. ఆ వెయ్యి ఒక ఇంటికి వారం రోజుల సరుకులు.

మార్చక తప్పకపోతే పాతదాన్ని ఇంట్లో పడేయకండి, పాత సామాను బండికి ఇవ్వకండి. అందులో ఉన్నది సీసం, తేజాబ్. విప్పి కరిగించే చోట ఆ పొగ పీల్చేది ఎవరో పేదవాడి బచ్చే. పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే జిమ్మేదారీ తయారుచేసేవాళ్ల మీద ఉందని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెప్తున్నాయి. కొత్తది కొనే దుకాణంలోనే పాతది ఇచ్చి ధర తగ్గించమనండి.

వేసవి ముందే, ఇమ్తిహాన్ల ముందే ఒక జుమెరాత్ సాయంత్రం బల్బు పెట్టి చూసుకోండి. ఇన్వర్టర్ వెనక స్విచ్ ఎటు ఉందో చూడండి. ప్రింటర్ ప్లగ్గు ఎక్కడుందో చూడండి. అప్పటికీ అర్థం కాకపోతే మెకానిక్‌ను పిలవండి, ఫీజు ఇచ్చి, పక్కన నిలబడి చూపించమనండి. ఇంట్లో పెద్దపిల్లలుంటే వాళ్లను కూడా పిలిచి చూపించండి, ఆ అమ్మాయో అబ్బాయో వచ్చే ఏడాది మీ మొహల్లాలో నలుగురికి ఇదే పని చేసిపెడతారు.